గెల పడిన వైపు

సాక్ష్యం అన్న మాట చెవిన పడితే చాలు, దింపు వీర్రాజుకి మోకాలి నొప్పి వచ్చేసేది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ముప్ఫై కొబ్బరిచెట్లు ఎక్కి దిగినా రాని నొప్పి! ఏటా ఏప్రిల్ మొదట్లో, వేసవికి కాలువలకి నీళ్లు కట్టేసేలోపు, సాలమోను పాస్టరుగారు మందిరంలో వాక్యం ముగించి, "వచ్చే ఆదివారం రేవులో సాక్ష్యం చెప్పి బాప్తిస్మం తీసుకునే బిడ్డలు ముందుకు రండమ్మా" అనేవారు. ఆయన అలా అనగానే మనవాడు మోకాలు పట్టుకుని మెల్లగా లేచి, వెనక వరసలోంచి చెప్పుల దగ్గరికి చేరుకునేవాడు. ఒకసారైతే ఏదోలే అనుకోవచ్చు. మూడేళ్లలో మూడుసార్లు!

కొత్తపేట వైపు పోయే కాలువ గట్టున ఉన్న ఆ చిన్న సంఘంలో పద్ధతి అది. నీళ్లలో మునిగే ముందు పదిమంది ఎదుటా నిలబడి, తను ఎలాంటి మనిషో, ప్రభువు తనని ఎలా పట్టుకున్నాడో నోరువిప్పి చెప్పాలి. అదే సాక్ష్యం. అదేమంత బ్రహ్మవిద్య కాదు. మగవాళ్లంతా ఇంచుమించు ఒకటే చెప్పేవారు: తాగేవాణ్ని, మానేశాను, కొట్టేవాణ్ని, మానేశాను, ప్రభువుకి స్తోత్రం. వీర్రాజు దగ్గర ఆ సరుకు పుష్కలంగా ఉంది. పదకొండేళ్లు తాగినవాడు, నాలుగేళ్లుగా ముట్టనివాడు. పెళ్లాం చిట్టి పొయ్యి దగ్గర పీట వేసి కూర్చోబెట్టి మరీ నేర్పింది.

"నేను పాపినండీ అని మొదలెట్టు. తర్వాత తాగుడు సంగతి చెప్పు. నన్ను కొట్టిన సంగతి కూడా చెప్పు. నేనేం అనుకోను" అంది.

"నిన్ను ఎప్పుడు కొట్టేనే?"

"కొట్టలేదులే. చెబితే బాగుంటుంది కదా అని."

"అబద్ధపు సాక్ష్యం చెప్పమంటావా?" అని అరిచాడు వీర్రాజు. ఆ అరుపుకి చిట్టి చేతిలో గరిట జారింది. ఇంత చిన్న మాటకి అంత కోపమెందుకో ఆవిడకి అర్థం కాలేదు. వీర్రాజు తన నోటి మాటకి తానే ఉలిక్కిపడి, లేచి బయటికి వెళ్లిపోయాడు.

అబద్ధపు సాక్ష్యం. అదీ సంగతి. పదిహేనేళ్లుగా గొంతులో ముల్లులా గుచ్చుకుని ఉన్నది అదే.

దింపు అంటే కొబ్బరికాయలు దించడం. నడుముకి మోకు, కాళ్లకి బందం, మొలలో కత్తి. నలభై అయిదు రోజులకోసారి తోటలో ప్రతి చెట్టూ ఎక్కాలి. అందులో ఒక మర్యాద ఉంది. రెండు తోటల మధ్య గట్టు మీద చెట్టుంటే, ఆ చెట్టు ఎవరిదో వాళ్ల వైపే గెల పడెయ్యాలి. పక్కవాళ్ల వైపు ఒక్క కాయ దొర్లినా దింపువాడే దిగొచ్చి తెచ్చి ఇవ్వాలి. అందుకే గట్టు చెట్ల సంగతి దస్తావేజుకన్నా దింపువాడికి బాగా తెలుసు.

గంగాభవానిగారి తోటకీ, దుర్గాశ్రీనివాస్ గారి తోటకీ మధ్య అలాంటి గట్టొకటి ఉంది. దక్షిణాన భవానిగారిది. చిన్న తోట, ఉన్నదల్లా అదే. ఉత్తరాన శ్రీనివాస్ గారిది. ఊళ్లో సగం తోటలు ఆయనవే. గట్టు మీద తొమ్మిది చెట్లు. భవానిగారి భర్త, నలుగురికి వేదం చెప్పుకుంటూ బతికిన పెద్దమనిషి, పెళ్లయిన ఏడాది తన చేత్తో నాటినవి. ఆయన పోయిన ఏడాదే శ్రీనివాస్ గారు ఆ చెట్లు నావి అన్నారు. సరిహద్దు రాళ్లు ఏనాటి వరదకో కొట్టుకుపోయాయి. వ్యవహారం కోర్టుకెళ్లింది. చివరికి అంతా ఆ చెట్లెక్కినవాడి మాట మీదికి వచ్చింది.

వాయిదాకి ముందురోజు శ్రీనివాస్ గారు వీర్రాజుని పిలిపించారు. కుర్చీలోంచి లేవకుండానే, "ఒరే, ఉత్తరం అని ఒక్క ముక్క చెప్పు చాలు. చెప్పలేదనుకో, ఈ ఊళ్లో నీకు ఎక్కడానికి చెట్టుండదు" అన్నారు.

అప్పటికి వీర్రాజుకి ఇద్దరు ఆడపిల్లలు, చిట్టి మూడోసారి కడుపుతో ఉంది. భయపడ్డాడు. అంతే, ఇంకేమీ లేదు. మర్నాడు బోనులో నిలబడితే ప్లీడరుగారు అడిగారు: "గట్టు మీద చెట్లకి గెలలు ఎటు దింపేవాడివి?"

"ఉత్తరం వైపండి" అన్నాడు.

గోడవారగా నిలబడ్డ భవానిగారు, "నా వైపు చూసి చెప్పు వీర్రాజూ" అన్నారు. జడ్జిగారు మధ్యలో మాట్లాడకూడదమ్మా అని మందలించారు. వీర్రాజు ఆవిడ వైపు చూడలేదు. తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

చెట్లు పోయాయి. పోయింది చెట్లు మాత్రమే అయితే వీర్రాజు ఎప్పుడో మర్చిపోయి ఉండేవాడేమో. కానీ ఊరు ఊరుకుంటుందా? "పంతులుగారి భార్య అయ్యుండీ పరాయి చెట్లకి ఆశపడింది చూడు" అంది. రేవులో అంది, కిరాణా కొట్టు దగ్గర అంది, పెళ్లి భోజనాల్లో అంది. భవానిగారు గుడికీ పెళ్లిళ్లకీ వెళ్లడం మానేశారు. ఇంటి అరుగు మీద ఎప్పట్లాగే పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ ఉండిపోయారు. వీర్రాజు నలభై అయిదు రోజులకోసారి ఆ తొమ్మిది చెట్లూ ఎక్కేవాడు, గెలలు ఉత్తరం వైపు పడేసేవాడు. దిగి, తిన్నగా మందు కొట్టుకి పోయేవాడు. కోర్టులో చెప్పింది ఒక్కసారే గానీ, ఆ అబద్ధాన్ని ఏడాదికి ఎనిమిదిసార్లు ఎక్కి దిగుతూనే ఉన్నాడు పాపం.

నాలుగేళ్ల కిందట పాస్టరుగారు మందిరం వెనకున్న మూడు చెట్లకి దింపు తియ్యమని పిలిచారు. వీర్రాజు పొద్దున్నే తాగి వచ్చి మోకు బిగించుకుంటుంటే ఆయన చెయ్యి పట్టుకుని ఆపేశారు. "ఇవాళ ఎక్కకయ్యా. చెట్లెక్కడికీ పోవు. నువ్వు బాగున్నరోజు వచ్చి ఎక్కు" అన్నారు. వీర్రాజుకి విచిత్రంగా అనిపించింది. పుట్టి బుద్ధెరిగాక తనని ఎక్కమన్నవాళ్లే గానీ ఎక్కొద్దన్నవాళ్లు లేరు. మూడో రోజుకి తాగకుండా వచ్చి దింపు తీశాడు. ఆ ఆదివారం వెనక వరసలో కూర్చున్నాడు. పాటలు బాగున్నాయనుకున్నాడు. తర్వాత తర్వాత, ఎవరూ లేనప్పుడు చెట్టు మీద కూడా ప్రార్థన చెయ్యడం మొదలెట్టాడు. ప్రభువు వింటున్నాడనే అనిపించేది. ఆ తొమ్మిది చెట్ల మీద ఉన్నప్పుడు మాత్రం నోరు పెగిలేది కాదు.

ఈ ఏడాది ఏమైందంటే, ఏప్రిల్ మొదటి ఆదివారం పాస్టరుగారు ఒక చెట్టెక్కిన మనిషి కథ చెప్పారు. ప్రభువు దారిన పోతూ తల ఎత్తి, ఆ మనిషిని పేరుపెట్టి పిలిచి, త్వరగా దిగి రమ్మని, ఆ పూట వాళ్లింటికే భోజనానికి వెళ్లాడట. చెట్టెక్కినవాడు అనగానే సంఘమంతా తలలు తిప్పి వీర్రాజుని చూసి కిసుక్కున నవ్వింది. వీర్రాజూ నవ్వాడు. కానీ ఆ తర్వాత ముక్క విని నవ్వు ఆగిపోయింది. ఆ దిగినవాడు ప్రభువు అడక్కుండానే, నేను అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇచ్చేస్తానన్నాడట. అప్పుడు ప్రభువు, నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడట.

ఆ రోజు వీర్రాజుకి మోకాలి నొప్పి రాలేదు. అందరూ వెళ్లిపోయాక కూడా వెనక వరసలోనే కూర్చుండిపోయాడు. పాస్టరుగారు చాపలు చుట్టుకుంటూ దగ్గరికి వచ్చారు.

"అయ్యగారండీ, నాకు రక్షణ వస్తదాండి?"

"వస్తదేంటయ్యా, అదేమన్నా అమలాపురం బస్సా? ఏంటి నీ బాధ?"

వీర్రాజు చెప్పాడు. గట్టు, చెట్లు, ఉత్తరం, అంతా. పాస్టరుగారు చుట్టిన చాప మీదే కూలబడి విన్నారు. ఆయనా ఆ ఊరివాడే. భవానిగారి దగ్గరే చిన్నప్పుడు ఎక్కాలు నేర్చుకున్నారు. ఊరంతా అన్న మాట ఆయనా నమ్మినవాడే. చివరికి అన్నారు:

"దేవుడు నిన్ను క్షమించడానికి నువ్వేదో చెల్లించాలని కాదయ్యా. క్షమాపణ ఆయన ఎప్పుడో ఇచ్చేడు. నువ్వే అందుకోలేక చేతులు వెనక్కి పెట్టుకున్నావు. ఆ చేతుల్లో ఆవిడ పరువు ఉంది. ముందు అది ఇచ్చెయ్యి."

"సాక్ష్యంలో తాగుడు సంగతి చెప్పేసి మునిగిపోతే సరిపోదాండి?" అని బేరం పెట్టాడు వీర్రాజు, ఆశ చావక.

"మునగొచ్చు. తడుస్తావు" అన్నారు పాస్టరుగారు.

ఆ సాయంత్రమే భవానిగారింటికి వెళ్లాడు. అరుగు మీద నలుగురు పిల్లలు పలకలతో కూర్చుని ఉన్నారు. అతన్ని చూసి ఆవిడ పిల్లల్ని ఇళ్లకి పంపేశారు. పదిహేనేళ్లలో అతను ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. ఆవిడ తోటకి వేరే ఊరి దింపువాడు వస్తున్నాడు.

"అమ్మగారండీ, ఆ గెలలు దక్షిణం వైపే దింపేవోణ్ణండి. మీకు తెల్సు కదండీ. నేను అబద్ధం చెప్పేనండి" అన్నాడు. అని, అరుగు కింద మట్టిలో చతికిలబడి ఏడ్చేశాడు.

భవానిగారు ఓదార్చలేదు. ఎందుకు ఓదార్చాలి? ఆవిడకి ఒళ్లంతా మండిపోయింది. అది మొహంలో దాచుకోలేదు కూడా.

"పదిహేనేళ్లు పట్టిందా వీర్రాజూ, ఈ నాలుగడుగులు నడిచి రావడానికి?"

"ఆయ్, అవునండి."

"మా ఆయన నీకు ఏం తక్కువ చేశారు? దింపు రోజు నీకు పెట్టకుండా ఆయన మజ్జిగైనా తాగేవారా?"

"లేదండి. మహారాజండి ఆయన."

"ఇప్పుడెందుకొచ్చావు? నేను క్షమిస్తే మీ దేవుడి దగ్గర నీకు పని అవుతుందనా?"

వీర్రాజు అబద్ధం చెప్పదలుచుకోలేదు. "ఆయ్. అందుకే బయల్దేరేనండి. ఇక్కడికొచ్చి మిమ్మల్ని చూసేక అది మర్చిపోయేనండి" అన్నాడు.

ఆవిడ పిల్లలు వదిలేసి వెళ్లిన పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. తర్వాత అన్నారు: "చెట్లు పోతే పోయాయి. మొన్నటి గాలివానకి ఎలాగూ రెండు పడిపోయాయట. కానీ ఈ ఊళ్లో పరాయి చెట్లకి ఆశపడ్డదాన్ని నేను. నువ్వు నా ఒక్కదాని చెవిలో చెబితే ఏం లాభం? నాకు తెలిసిన సంగతే కదా. ఆ రోజు నలుగురిలో చెప్పావు. ఇదీ నలుగురిలో చెప్పు. అప్పుడు ఆలోచిస్తాను."

"ఆదివారం పొద్దున్న కాలువ రేవులో సాక్ష్యం చెప్పాలండి. తమరు వస్తారాండి?"

"మీ ప్రార్థనలకి నేనెందుకొస్తాను?" అని ఆవిడ లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు.

మర్నాడు శ్రీనివాస్ గారికి కూడా చెప్పేశాడు. వెనకాల నుంచి ఆయన పరువు తియ్యడం మర్యాద కాదనిపించింది. ఆయన కాయల గుట్ట పక్కన నిలబడి ఫోను చూసుకుంటున్నారు.

"మందు తాగి మాట్లాడుతున్నావురా?" అన్నారు.

"మానేసి మాట్లాడుతున్నానండి."

ఆయనకి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. "నువ్వేం చెప్పినా చెట్లు వెనక్కి పోవు. కోర్టులో అబద్ధమాడేనని నలుగురిలో ఒప్పుకుంటే ముందు నిన్నే లోపలేస్తారు తెలుసా? పైగా నా తోటల్లో మళ్లీ అడుగుపెట్టవు. మీ చిట్టిని అడిగి అప్పుడు ఏడువు."

ఇంటికొచ్చి చిట్టికి అంతా చెప్పాడు. చిట్టి విని విని, ఎర్రగా చూసింది. "ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?" అంది. "నేను కడుపుతో ఉన్నానని చెప్పేవా ఆ అబద్ధం? నా మీద పెట్టకు. నేను అడిగేనా?" అని గొడవ చేసింది. ఆ వారమంతా మాట్లాడలేదు. శనివారం సాయంత్రం మాత్రం అతని తెల్లచొక్కా ఉతికి దండెం మీద ఆరేసింది. "కొట్టేనని మాత్రం చెప్పకు. నిజం చెప్పేరోజు అన్నీ నిజాలే చెప్పు" అంది.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి కాలువ నిండుగా పారుతోంది. ఇంకో మూడు రోజుల్లో కట్టేస్తారు. రేవు మెట్ల మీద సంఘమంతా చేరి పాట పాడుతున్నారు. అవతలి గట్టు మీద రోడ్డు. వీర్రాజు కోర్టు సంగతి ఏదో చెప్పబోతున్నాడని ఎలా పొక్కిందో గానీ, రెండు ఆటోలు, నాలుగు మోటారుసైకిళ్లు అక్కడ ఆగి ఉన్నాయి. ఒక దాని మీద శ్రీనివాస్ గారు కాలు కింద ఆనించి కూర్చుని ఉన్నారు. తన ఎదురుగా వీడు నోరెత్తడని ఆయన ధైర్యం.

పాస్టరుగారు నడుము లోతు నీళ్లలో నిలబడి పిలిచారు. వీర్రాజు దిగాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఇటు తిరిగి సంఘాన్ని చూశాడు. చిట్టి మొదటి మెట్టు మీద ఉంది, కళ్లార్పకుండా చూస్తోంది.

"నేను సాక్ష్యం చెప్పడం ఇది రెండోసారండి" అని మొదలెట్టాడు. "మొదటిది కోర్టులో చెప్పేనండి. అది అబద్ధమండి."

పాట పాడే ఆడవాళ్ల గుసగుసలు ఆగిపోయాయి. వీర్రాజు గట్టు సంగతి చెప్పాడు, భవానిగారి పేరు చెప్పాడు. భయపడి చెప్పానన్నాడు. ఆ భయాన్ని తాగుడుతో కప్పెట్టానన్నాడు. బెదిరించినవాళ్ల పేరు చెప్పలేదు. "నన్ను ఎవరూ తాళ్లతో కట్టి చెప్పించలేదండి. నోరు నాదేనండి. ఊళ్లో ఆవిణ్ణి అన్న మాటలన్నీ నా మూలంగానే అన్నారండి. పోలీసులొచ్చి తీసుకెళ్లినా వెళ్తానండి" అన్నాడు. చెప్పడం అయిపోయి, పాస్టరుగారి వైపు తిరిగాడు.

అప్పుడు అవతలి గట్టు నుంచి ఒక గొంతు వినపడింది. పిల్లలకి లెక్కలు చెప్పి చెప్పి రాటుతేలిన గొంతు. కాలువ ఎంత పారుతున్నా దాటి రాగల గొంతు.

"వీర్రాజూ!"

ఆటో వెనక నుంచి భవానిగారు ముందుకొచ్చారు. చేతిలో గొడుగు ఉంది. శ్రీనివాస్ గారి బండికి నాలుగడుగుల దూరంలో నిలబడ్డారు. ఆయన వైపు చూడనైనా చూడలేదు.

"గట్టు మీద చెట్లకి గెలలు ఎటు దింపేవాడివి?"

ప్లీడరుగారి ప్రశ్నే అది. అక్షరం పొల్లుపోలేదు. పదిహేనేళ్లుగా ఆవిడ దాన్ని అలాగే దాచుకున్నారు కాబోలు. వీర్రాజు నీళ్లలోనే అటు తిరిగాడు. ఈసారి తన కాళ్ల వైపు చూసుకోలేదు. తిన్నగా ఆవిడ మొహంలోకి చూశాడు.

"దక్షిణం వైపండి. మీ వైపండి, అమ్మగారూ!" అని, చెట్టు చివర నుంచి కేకేసినంత గట్టిగా చెప్పాడు. ఆటోవాళ్లు విన్నారు. రేవులో బట్టలుతికేవాళ్లు విన్నారు. శ్రీనివాస్ గారు బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయారు.

భవానిగారు తల ఊపారు.

"సరే. ఇప్పుడు మునుగు" అన్నారు.

అంతే! వీర్రాజు పాస్టరుగారి చెయ్యి కోసం ఆగలేదు, ఆయన తండ్రి పేరిట, కుమారుడి పేరిట అని చెప్పాల్సిన మాటల కోసమూ ఆగలేదు. ఆవిడ మునుగు అన్నారు, వాడు బుడుంగున మునిగిపోయాడు. పాస్టరుగారు కంగారుపడి జబ్బ పట్టుకుని పైకి లాగారు. "నేను ముంచాలయ్యా బాబూ! ఇది లెక్కలోకి రాదు" అని నవ్వుతూ, ఏడుస్తూ, మళ్లీ పద్ధతి ప్రకారం ముంచి లేపారు. అవతలి గట్టు మీద గొడుగు అప్పటికే ఇంటిదారి పట్టింది.

శ్రీనివాస్ గారు అన్నంత పనీ చేశారు. ఆయన తోటల్లో ఇప్పుడు కాట్రేనికోన నుంచి వచ్చినవాళ్లు దింపు తీస్తున్నారు. గట్టు మీద మిగిలిన ఏడు చెట్ల గెలలూ ఉత్తరం వైపే పడుతున్నాయి. వీర్రాజు కాయల పీచు తీసే వలుపు పనికీ, దొరికిన చిన్న చిన్న తోటలకీ పోతున్నాడు. ఇంట్లో కాస్త ఇబ్బందే. కానీ శ్రావణమాసంలో ఊళ్లో ఎవరింట పెళ్లి జరిగినా మొదటి పిలుపు భవానిగారికే వెళ్లిందట. ఆ తర్వాత దింపుకి ఆవిడ వేరే ఊరివాణ్ని పిలవలేదు. వీర్రాజుకి కబురంపారు. చెట్టు దిగేసరికి గట్టు మీద పెద్ద చెంబుతో మజ్జిగ పెట్టి ఉంది.

ఇంతకీ వీర్రాజు ఏ మునకలో రక్షణ పొందాడని సంఘంలో ఇప్పటికీ సరదాగా వాదించుకుంటారు. రెండోదే అసలైనదని పెద్దలంటారు. నీళ్లదేముంది, వెనక వరసలో కూర్చుండిపోయిన ఆ ఆదివారమే అంటారు పాస్టరుగారు. చిట్టిని అడిగితే మాత్రం, తడుముకోకుండా, మొదటిదే అంటుంది.